నడి కృష్ణలో ఐదేళ్లు

చదివిన పుస్తకాల గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నా పిచ్చి వేరు. నాకు మోజంతా రాబోయే పుస్తకాల మీదే. ఇంకా అచ్చుకు పోని నవల, అట్ట మీద ఏ బొమ్మ వేస్తారో తేలని నవల, అసలు రాసేవాడు పూర్తి చేశాడో లేదో కూడా తెలియని నవల, అలాంటిది ఒకటి వస్తోందని ఫోనులో కనబడితే చాలు, నా కాలు ఒకచోట నిలవదు. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నా మొహం చూసి, "ఏం పుస్తకమొస్తుందే?" అని అడుగుతాడు. కూర రుచిని బట్టి సాహిత్య వార్తలు తెలుసుకునే మనిషి గద్వాల మొత్తంలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

మా వంటింటి గోడకు ఒక క్యాలెండర్ ఉంటుంది. దాని పక్కన దారంతో వేలాడే ఎర్ర పెన్సిల్ ఉంటుంది. మా అత్తమ్మకు చదువు రాదు. అందుకని ఆమె ఒక్కపొద్దులుండే ఏకాదశులు, పండుగలు అన్నీ ఏడాది మొదట్లోనే నేను ఎర్రగా గుండ్రాలు చుట్టి పెడతాను. నవలలు వచ్చే రోజులకు కూడా అదే పెన్సిలుతో చుట్టేదాన్ని. దేవుడి రోజులకొక రంగు, నా పుస్తకాల రోజులకొక రంగు పెట్టాలని నాకు తట్టలేదు. ఇంట్లో ఉన్నది ఒక్క పెన్సిలే మరి.

మాది నేత ఇల్లు. నేను మాత్రం నాగర్‌కర్నూల్ నుంచి కోడలిగా వచ్చినదాన్ని. మా నాన్నకు పల్లి చేను, దాని నడుమ ఎండిపోయిన రెండు బోర్లు ఉండేవి. నది అంటే చిన్నప్పుడు సోమశిలకు తీసుకుపోతే చూసిందే, అది కూడా అమ్మ కొంగు పట్టుకుని. మగ్గం మీద అడ్డదారం వేసే నాడె పట్టడం పెళ్లయ్యాకే నేర్చుకున్నాను. మా చీరలకు నడుమ భాగం ఒక దారం, అంచు ఇంకో దారం. అంచుకు వేరే నాడె వేయాలి. కాబట్టి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోక తప్పదు. నడుమ అత్తమ్మ, అంచు దగ్గర నేను. ఇద్దరు ఆడవాళ్లు పొద్దంతా భుజానికి భుజం తగిలేలా ఒకే పలక మీద కూర్చుంటే వాళ్లకు రెండే దార్లు. పోట్లాడుకోవాలి, లేదా కథలు చెప్పుకోవాలి. మేం మొదటి ఏడాదంతా మొదటి దారిలోనే నడిచాం.

రెండో ఏడాది నోరు నొప్పి పుట్టి, నేను చదివే నవల ఒకటి చెప్పడం మొదలుపెట్టాను. మూడు భాగాల నవల అది. అప్పటికి రెండు భాగాలే వచ్చాయి. నది ఒడ్డున పుట్టిన ఒక పిల్ల కథ. చాలా కష్టాలు పడి, రెండో భాగం చివర్లో ఆమె అత్తారింటి గడప దాటుతుంది. తెల్లవారుజామున ఒక్కతే పుట్టి ఎక్కి తెడ్డు వేస్తుంది. పుట్టి అంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను: వెదురుతో అల్లి, కింద తారు పూసిన పెద్ద గుండ్రటి బుట్ట. మా దగ్గర కృష్ణ దాటడానికి అదే పడవ. నదికి వరద వస్తూ ఉంటుంది. పుట్టి గిరగిరా తిరుగుతూ నడి నీళ్లలోకి పోతుంది. అక్కడితో భాగం అయిపోతుంది.

ఇది నేను ఎంతో రాగం తీసి చెప్పి ఆపేశాను. అత్తమ్మ నాడె ఆగింది.

"ఆ తర్వాత?"

"గంతే అత్తమ్మా. అయిపోయింది."

"అయిపోవుడేంది? ఆ పిల్ల నడి గంగల ఉన్నది గద!"

"మూడో భాగం రావాలె."

"ఎప్పుడొస్తది?"

"తెల్వదు."

అత్తమ్మ నా వైపు తిరిగి, ఆ రాసిందేదో నేనే అన్నట్టు చూసింది. "గా రాసినాయనకు ఆడబిడ్డలున్నరా, లేరా?" అంది. ఆ పూట మళ్లీ నాడె ముట్టలేదు.

ఆమె అంత ఉడుక్కోవడానికి కారణం ఉంది. ఆమె తల్లిగారూరు ఇటిక్యాల అవతల, కృష్ణ ఒడ్డునే. చిన్నప్పుడు అంగడికి పోవాలన్నా, చుట్టాలింటికి పోవాలన్నా పుట్టి ఎక్కినదే. వరదలో పుట్టి ఎట్లా తిరుగుతుందో ఆమె కడుపుకు తెలుసు. నాకైతే అది మంచి ముగింపు. ఆమెకు అది ఒక ఆడపిల్లను నీళ్లలో వదిలేసి పోవడం.

అప్పటినుంచి ఐదేళ్లు. ఆ ఐదేళ్లూ ఆ పిల్ల మా ఇంట్లో దూరపు చుట్టంలా బతికింది. వానాకాలం జూరాల గేట్లు ఎత్తారని వింటే చాలు, "గిన్ని నీళ్లల్ల ఆ పిల్ల ఎట్లున్నదో" అనేది అత్తమ్మ. చలికాలంలో దుప్పటి కప్పుకుంటూ, "దానికి మీద శాలువన్నా లేదు" అనేది. నేను నవ్వేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

ఇంతలో ఒక రోజు ఫోనులో ప్రకటన. మూడో భాగం వస్తోంది! తేదీతో సహా!

మగ్గం గుంటలోంచి నేను ఎట్లా పైకి లేచానో నాకే తెలియదు. మోకాలు చెక్కకు కొట్టుకుని కమిలింది, అది సాయంత్రానికి గాని తెలియలేదు. క్యాలెండర్ దగ్గరికి ఉరికి ఎర్రగా గుండ్రం చుట్టాను. ఒకటి చాలదనిపించి రెండు చుట్టాను. ఆ రోజు నుంచి నా పని చూడాలి! అట్ట ఏ రంగులో ఉంటుంది? ఎన్ని పేజీలుంటాయి? పుట్టి ఏ రేవుకు చేరుతుంది? ఆమె మొగుడు వెతుక్కుంటూ వస్తాడా, వస్తే నేను వాణ్ని ఏమని తిట్టాలి? అంచు నాడె వేస్తూ వేస్తూ నాలో నేనే నవ్వుకునేదాన్ని. మా ఆయన ఉప్పు గురించి అడగడం మానేసి, గమ్మున పెరుగు కలుపుకుని తినేవాడు.

ఆ రోజు రానే వచ్చింది. పుస్తకం రాలేదు. ముద్రణలో ఆలస్యమట. ఇంకో తేదీ ఇచ్చారు. నేను నోటికి వచ్చినట్టు తిట్టి, కొత్త గుండ్రం చుట్టాను. ఆ రోజూ వచ్చింది, పుస్తకం రాలేదు. మూడోసారి కూడా అంతే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడని ఊరికే అన్నారా? రాసినాయన ఎప్పుడో రాసి ఇచ్చాడట, అచ్చు వేసేవాళ్ల దగ్గర ఆగింది. మూడుసార్లూ ఆ రోజున నేను అన్నం ముట్టలేదు. ఆకలే వేయలేదు. వాకిట్లోకి, ఇంట్లోకి తిరగడమే సరిపోయింది.

ఆ మూడోసారి మధ్యాహ్నం మగ్గం మీదే అత్తమ్మకు కళ్లు తిరిగాయి. నా భుజం మీదికి ఒరిగింది. ఆమెకు షుగర్ ఉంది. ఆటో మాట్లాడుకుని దవాఖానకు ఉరికాం. డాక్టరమ్మ చూసి, సెలైన్ పెట్టించి, "పొద్దటి నుంచి ఏం తినలేదా?" అని అడిగింది.

"ఒక్కపొద్దున్న" అంది అత్తమ్మ.

నా ఎర్ర గుండ్రాలు! పాపం, ఏకాదశి అనుకుని ఉపవాసముంది! నా పుస్తకాల పిచ్చి ఆమె ప్రాణం మీదికి తెచ్చిందని అక్కడే గోడకు తల బాదుకోవాలనిపించింది.

"అత్తమ్మా, అది ఏకాదశి కాదు. నా పుస్తకం వచ్చే రోజని గుండ్రం చుట్టిన" అన్నాను.

"నాకు ఎరికనే" అంది ఆమె. "ఏకాదశి పున్నానికి నాలుగొద్దుల ముందొస్తది. నాకు చంద్రుడు కనవడడా?"

డాక్టరమ్మ అయోమయంగా ఇద్దరినీ చూసింది. "మరి దేనికి ఉపవాసం, అమ్మా?"

"ఒక పిల్ల నదిల చిక్కుకున్నది, డాక్టరమ్మా. ఒడ్డుకు చేరాలని ఉన్న."

"అయ్యో! మీ చుట్టమా?"

"ఔ" అంది అత్తమ్మ, తడుముకోకుండా.

"ఎప్పటినుంచి కనబడటం లేదు?"

"ఐదేండ్లాయె."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, ఎంతో బాధగా నా చేయి పట్టుకుంది. నేను నిజం చెప్పాలో, ఏడవాలో, నవ్వాలో తెలియక తల ఊపాను. ఇప్పటికీ ఆ దవాఖాన వీధిలో నుంచి పోతే నేను మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంటాను.

ఇంటికి వచ్చాక గట్టిగానే మాట్లాడాను. "అది కథ అత్తమ్మా! రాసినోడు కల్పించిండు. ఆ పిల్ల లేదు, ఆ పుట్టి లేదు."

"నాకు తెల్వదా? కల్పించేటోడు ఒడ్డుకు చేర్చి కల్పియ్యరాదా? నడి నీళ్లల్ల ఎందుకు ఇడ్సిపెట్టిండు?" మళ్లీ తనే అంది, "నువ్వు గుండ్రం సుట్టిన నాడు బువ్వ తినవు. వాకిట్ల దిక్కు చూసుకుంట తిరుగుతవు. ఇంట్ల ఒకరు ఉపాసముంటే ఇంకొకరు కంచం ముందల కూసుంటరా?"

నేను కొత్త కాగితం వాసన కోసం ఎగిరాను. ఆమె ఒక మనిషి ప్రాణం కోసం పస్తులుంది. ఆ క్షణంలో ఆమె మీద నాకు పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు. పైకి మాత్రం, "మళ్లొకసారి గిట్ల చేస్తే మీ కొడుకుతోని చెప్త" అని బెదిరించాను.

"చెప్పుకో. వాడూ ఆ పిల్ల సంగతే అడుగుతుండు" అంది.

నాలుగోసారి తేదీ చెప్పినప్పుడు నేను గుండ్రం చుట్టలేదు. ఆమెకు తెలియకూడదనుకున్నాను. కాని కూరలో ఉప్పు నన్ను పట్టించింది. ఆ పొద్దున వనపర్తిలో నాకు పుస్తకాలు తెప్పించి పెట్టే దుకాణాయన ఫోను చేశాడు, కట్ట వచ్చింది, రమ్మని. నేను చీర సర్దుకుని బయల్దేరుతుంటే అత్తమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. టీ కూడా ముట్టలేదు.

"తినుండ్రి అత్తమ్మా, మీకు దండం పెడ్త."

"ఒడ్డుకు చేరిందని తెలిసినంక తింట."

వాదించి లాభం లేదు. ఖాళీ కడుపుతో వేసుకోవద్దన్నారని షుగర్ గోలీలు తీసి మా ఆయన జేబులో పెట్టాను. అరగ్లాసు మజ్జిగ తాగేదాకా కదలనని గడప మీద కూర్చుంటే, చివరికి అది మాత్రం తాగింది.

వనపర్తి దుకాణంలో ఆ పుస్తకం నా చేతుల్లోకి వచ్చినప్పుడు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, చెంపకు ఆనించుకున్నాను. బరువుగా, నీలం అట్టతో, ఇంకా జిగురు వాసనతో ఉంది. ఐదేళ్లు! దుకాణాయన నవ్వి, "చివరి పేజీ చూసిపోరాదు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చివరి పేజీలు ముందు చూసేవాళ్లను నేను నైవేద్యం పెట్టకముందే లడ్డు కొరికేవాళ్ల కింద జమకడతాను. పుట్టి బుద్ధెరిగి నేను ఒక్క నవలలో కూడా ముందు పేజీ చదవకుండా వెనక పేజీ చూసినదాన్ని కాదు. ఆ మాటే ఆయనకు కాస్త గట్టిగా చెప్పి, గద్వాల బస్సెక్కాను.

పెబ్బేరు వచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని ఊరికే నిమిరాను. తర్వాత ఆగలేక తెరిచాను. మొదటి అధ్యాయం ఎవరిదో పెళ్లి! ఆ ఊరు కాదు, ఆ పిల్ల కాదు. పెళ్లిలో వంటలు, వియ్యాలవారి అలకలు, పేజీలకు పేజీలు. మామూలు రోజైతే చప్పరించుకుంటూ చదివేదాన్ని. కాని పన్నెండున్నర అయ్యింది, ఎండ మండుతోంది, మా ఆయన ఫోను చేశాడు.

"అమ్మ ఇంక ఏం తినలే. చేరిందా అని అడగమంటుంది."

"ఇక్కడ పెళ్లి అయితుంది" అన్నాను.

"ఎవరి పెళ్లి?"

ఫోను పెట్టేశాను. బస్సు బీచుపల్లి వంతెన మీదికి వచ్చింది. కింద కృష్ణ, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా నీళ్లు. ఆ నీళ్లు చూసేసరికి నాకు మగ్గం మీద ఒరిగిన అత్తమ్మ తల గుర్తొచ్చింది. ఐదేళ్లు ఎదురుచూసిన పుస్తకం, పుట్టినప్పటినుంచి కాపాడుకున్న నియమం, రెండూ గాలికి పోతే పోనీ అనుకున్నాను. పేజీలు తిప్పాను. యాభై, వంద, నూట ఇరవై. పుట్టి అన్న మాట కోసం కళ్లు పరుగెత్తించాను. ఒకచోట కనబడింది.

'పుట్టి బోర్లా ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు.'

చటుక్కున మూసేశాను. బోర్లా! మునిగిపోయింది! ఏడుపు ఆగలేదు. పక్కన కూరగాయల మూట పెట్టుకుని కూర్చున్న పెద్దామె, "ఏమైంది బిడ్డా, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగింది. తల ఊపాను. ఆమె నా వీపు నిమిరి, "ఏం చేస్తం, మన చేతుల లేదు" అని ఓదార్చింది. ఆ మాటకు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఎర్రవల్లి దాటాక కళ్లు తుడుచుకుని ఫోను చేశాను. "చేరింది అత్తమ్మా! మంచిగ చేరింది! ఇగ తినుండ్రి!"

అత్తమ్మ వెంటనే అడిగింది. "ఇసుక రేవుల దిగిందా, రాళ్ల రేవులనా?"

"అది... చూడలే."

"కాళ్లు తడిసినయా?"

"తడిసే ఉంటయి."

"పిల్లా, అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు సన్నమయితది. ఇంటికి రా. ఉన్నదున్నట్టు చదువు."

గద్వాల బస్టాండు నుంచి ఇంటిదాకా ఉపాయాలు పన్నుతూనే నడిచాను. ఆమెకు చదువు రాదు. నేను ఏది చదివితే అదే కథ. రెండు ముక్కలు మార్చి, ఆ పిల్లను ఒడ్డు మీద నిలబెట్టి, తల తుడిచి, పొడి చీర కట్టించి, వేడి వేడి అన్నం కూడా పెట్టించగలను. ఎవరికి తెలుస్తుంది? ఆ రాసినాయనకంటే నేనే నయం అనిపించింది.

ఆమె మగ్గం పలక మీదే కూర్చుని ఉంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను పక్కన నా చోట్లో కూర్చున్నాను. "పెండ్లి గిండ్లి వద్దు. ఆ పిల్ల ఉన్న కాడికి పో" అంది. పేజీ వెతికి పట్టుకున్నాను. మార్చి చదవాలని నోరు తెరిచాను. ఆమె కళ్లు నా నోటి మీదే ఉన్నాయి, ఐదేళ్లుగా ఎట్లా ఉన్నాయో అట్లానే. నాకు చేతకాలేదు. ఉన్నదున్నట్టు చదివాను.

"తెల్లారేసరికి అవతలి ఒడ్డున, ఇసుక మీద పుట్టి బోర్లా ఉంది. చుట్టుపక్కల ఎవరూ లేరు." అక్కడ ఆపేశాను.

"ఇసుక మీదనా?" అంది అత్తమ్మ.

"ఔ."

"మరి తెడ్డు?"

తర్వాతి వాక్యం చూశాను. బస్సులో నేను అక్కడిదాకా రానేలేదు. "తెడ్డు పుట్టి కింద ఉన్నది."

అత్తమ్మ రెండు చేతులూ తొడల మీద చరిచి ఒక్కసారి నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. "ఓసి పిచ్చిదానా! గీ దానికా ఏడ్సుకుంట వచ్చినవ్? పుట్టిని ఒడ్డుకు గుంజినంక ఎవరైనా బోర్లిస్తరు. లేకుంటె వాన నీళ్లు నిండయా? తెడ్డు దాని కిందికి తోస్తరు, ఎవడు ఎత్కపోకుండ. మా నాయన రోజూ చేసేటిదే. మునిగినది తెడ్డు దాచిపెట్టి మునుగుతదా?" నా తల మీద చిన్నగా మొట్టింది. "పల్లి చేన్ల పుట్టినదానివి, నీకేం ఎరుక."

నేను ఆ మూడు వాక్యాలూ మళ్లీ చదివాను. ఇన్ని నవలలు చదివినదాన్ని నేను. ఆ పేజీలో ఏమి రాసి ఉందో చదువు రాని మనిషి చెప్పింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. లేచి ఆమెను అట్లాగే వాటేసుకున్నాను.

"ఇడువు, ఇడువు. చేరింది గద. బువ్వ పెట్టు" అంది.

పొద్దున చేసిన జొన్నరొట్టెలు, పప్పు పెట్టాను. ఆమె మెల్లగా, ప్రతి ముద్దా నమిలి తింది. మా ఆయన వచ్చి గోలీలు ఇచ్చి, "చేరిందా?" అన్నాడు. "చేరింది" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. అప్పుడు నాకు నేను కూడా పొద్దటినుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చింది. తిన్నాను. తింటూనే ఎడమ చేత్తో పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. ఒడ్డెక్కిన పిల్ల ఎటు పోయింది? ఎవరింటికి పోయింది? ఆ పెళ్లి ఎవరిది? నాకు ఆగబుద్ధి కాలేదు.

"ఇగ మొదటి నుంచి చదువుతా, వినుండ్రి" అన్నాను.

అత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "ఇయ్యాల వద్దు."

"ఎందుకు అత్తమ్మా?"

"ఐదేండ్లు తెడ్డేసి తెడ్డేసి వచ్చింది. ఇయ్యాల ఒక్కరోజు జర కూసోనీ ఆమెను."

మగ్గం మీది నుంచి తెగిన దారప్పోగు ఒకటి తీసి ఆ పేజీలో పెట్టాను. కొత్త నవల చేతికి వచ్చిన రోజున దాన్ని మూసి పక్కన పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి. ఇంకో రొట్టె పెట్టుకున్నాను.